రాజమణి తల్లిపూస

రాజమణి మొట్టమొదటి గెలుపు ఒక సత్‌లడా. సత్‌లడా అంటే ఏడు పేటల ముత్యాల హారం. ఉత్తగ చేతికొచ్చిన గెలుపు కాదది. రెండుసార్లు చెడి, మూడోసారి కుదిరింది.

అప్పటికి ఆమెకు పదమూడేండ్లో, పద్నాలుగేండ్లో. తండ్రి మైసయ్య శాలిబండల ఇంటి అరుగు మీద కూసోని ముత్యాలు, పగడాలు, పూసలు గుచ్చేటోడు. నగ చేసేది చార్‌కమాన్ జౌహరీలైతే, ఆ నగను దారం మీద నిలబెట్టేది మైసయ్య. ఎడమకాలి బొటనవేలికి పట్టుదారం చుట్టుకొని, మోకాలు లేపి కూసుంటే ఆయనకు ఆ కాలే మేకు, ఆ కాలే కొలబద్ద. బిడ్డ పక్కన కూసోని చూసి నేర్చుకున్నది. "ఆడిపిల్లవు, బజారు మీద కాలికి దారం కట్టుకొని కూసుంటవా?" అని తల్లి కసిరితే, దారం విప్పి లోపలికి పోయేది. తల్లి వంటింట్లకు పోంగనే మళ్లా వచ్చి కూసునేది.

ఆ ఏడు ఎండకాలం మైసయ్య కండ్లకు పొర కమ్మింది. సరిగ్గ అప్పుడే పక్క గల్లీలున్న నవాబుల దేవిడీ నుంచి మనిషి ఉరికొచ్చిండు. ఆ పొద్దే నికా. పెండ్లిపిల్ల వేసుకునే సత్‌లడా తెగి ముత్యాలన్ని తివాచీ మీద చెదిరిపోయినయి. మైసయ్య బిడ్డను ఎంటబెట్టుకొని పోయిండు. పరదా అవతల నుంచి బేగం సాహెబా చూసి నెత్తి కొట్టుకున్నది.

"నక్కో మైసయ్యా, నక్కో! గీ పోరి చేతిల నా బిడ్డ సత్‌లడా పెడుతవా?"

"కండ్లు దానియి, బుద్ధి నాది బేగం సాబ్. ఇద్దరం కలిసి ఒక్క మైసయ్యనే వచ్చిండని అనుకోండ్రి," అన్నడు మైసయ్య.

మొదటిసారి మూడో పేట నాలుగో పేట మీదికి ఎక్కి కూసున్నది. రెండోసారి పేటలన్ని సక్కగనే ఉన్నయి కాని హారం మొత్తం ఒక పక్కకు వాలింది. బేగం మొకం మాడింది. పోరి మాత్రం ఏడ్వలె. "అక్కను ఒక్కసారి కూసోబెట్టండ్రి, మెడ చూస్తా," అన్నది. పెండ్లిపిల్ల వచ్చి కూసున్నది. ఉత్త దారం ఆమె మెడకు పెట్టి చూస్తే అప్పుడు తెలిసింది, పెండ్లిపిల్లకు కుడి భుజం జరంత కిందికున్నది. పొద్దు వంగేటాళ్లకు ఏడు పేటలూ ఏడు మెట్ల తీరుగ దిగినయి. ఆ హారం ఆ ఒక్క మెడకే సక్కగ నిలుస్తది, ఇంకెవరి మెడల వేసినా వాలుతది. అంత ఖచ్చితంగ గుచ్చింది. బేగం సాహెబా తన చేతి గాజులల్ల ఒక జత తీసి పోరి చేతికి ఎక్కించింది.

ఆ పొద్దు నుంచి శాలిబండల "మైసయ్య బిడ్డ చెయ్యి" అనే మాట పుట్టింది.

ఆ చెయ్యి చేసిన పనులు చెప్పుకుంట పోతే పొద్దు చాలదు. బోనాలకు అమ్మవారికి వేసే పగడాల దండ ఏడాదికోసారి గుచ్చేది ఆమెనే. పురానాపూల్ అవతల ఒక మార్వాడీ ఇంట్ల ముగ్గురు కోడండ్లు పంచుకునేటందుకు పెద్ద అత్త చంద్రహారాన్ని మూడు హారాలుగ చేసి, ఏ కోడలూ నాది చిన్నదని లొల్లి పెట్టకుండ తూకం నిలిపింది ఆమెనే. అరబ్బు దేశం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి జపమాల తెగితే హోటల్‌కే పిలిపించుకొని గుచ్చిపిచ్చుకున్నడు. చార్‌కమాన్ జౌహరి బాలకిషన్ సేఠ్ ముప్పై ఏండ్ల సంది ముత్యాల పొట్లం ఆమె చేతిల పెట్టి, లోపల ఎన్నున్నయో చూడకుండనే ఎళ్లిపోయేటోడు. "రాజమణక్క చేతికి లెక్క అక్కర్లేదు," అనేటోడు. ఆ ఒక్క మాట సంపాయించేటందుకు ఆమెకు ఒక జన్మ పట్టింది.

జహనుమా బస్తీల బర్రెలు సాకే ఈశ్వరయ్యకు ఇచ్చి పెండ్లి చేసినా పని ఇడువలె. ఇంటి ముందట బర్రెలు, ఇంటి ఎనుక గదిల ముత్యాలు. "మా ఇంట్ల రెండు తెల్లటియి ఉంటయి, ఒకటి తాగుతరు, ఒకటి తొడుగుతరు," అని ఈశ్వరయ్య పరాచికమాడేటోడు.

ఈ పనిల ఒక ఆచారమున్నది. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

దండకు తల్లి ఉండాలె. పాత దండ తెగి వస్తే, ఆ పాతదాంట్ల నుంచే ఒక పూస మొదట ఎక్కించి మిగిలినయి గుచ్చుతరు. అది తల్లిపూస. అంటే పాత దండ సచ్చిపోలేదు, కొత్తది దానికి పుట్టిందన్నట్టు. మరి అన్నీ కొత్త పూసలే అయితే? అప్పుడు గుచ్చేటోళ్ల ఇంటి పూస ఒకటి మొదట ఎక్కించి, ఆ దండను ఒక్క రాత్రి పండబెడుతరు. తెల్లారి ఆ పూస తీసుకొని, ముడి బిగించి, దండ ఇచ్చేస్తరు. "ఒక్క రాత్రన్న తల్లి దగ్గర పండని దండ మెడకెక్కొద్దు," అని మైసయ్య చెప్పేటోడు.

రాజమణి ఇంటి పూస ఆమె తల్లి ఇచ్చింది, తల్లికి అవ్వ ఇచ్చింది. చిన్న ఉసిరికాయంత గాజుపూస. నీలం రంగు, మీద తెల్లటి గుండ్రాలు, గుండ్రం నడుమ నీలపు చుక్క. చూస్తే కండ్లు మనల్నే చూస్తున్నట్టు ఉంటది. కుంకుమ భరిణెల ఉండేది. ఇంటి ఆడిబిడ్డ పెండ్లయినంక పదహారు రోజుల పండుగ నాడు నల్లపూసలు గుచ్చితే, మొదటి పూస అదే. తొలి కాన్పుకు బిడ్డ పుట్టింటికి వచ్చినప్పుడు దాన్ని తీసి, పసుపు రాసి, మళ్లా భరిణెల పెట్టాలె. రాజమణికి ఆడిపిల్లలు లేరు. ఒక్కడే కొడుకు మహేందర్. మహేందర్ బిడ్డ వర్షిత. అందుకే ఆ పూస ఇరవై రెండేండ్ల సంది వర్షిత మెడ కోసమే ఎదురుచూస్తున్నది.

ఆ పూసనే రాజమణిని ఇబ్బంది పెట్టింది.

పోయిన వానకాలం జహనుమా ఇంటికి ఒక ఆడిపిల్ల వచ్చింది. పేరు తన్మయి. శాలిబండ గుడి పూజారుల ఇంటి పిల్ల, మ్యూజియంల ఉద్యోగం, పాత వస్తువుల మీద పరిశోధన చేస్తది. బర్రెల నడుమ నుంచి చీర కుచ్చిళ్లు లేపి పట్టుకొని లోపలికి వచ్చింది.

"అమ్మా, మంజీర ఒడ్డున ఒక పాటిగడ్డ, అంటే పాత ఊరి దిబ్బ, తవ్వితే మట్టిముంత దొరికింది. ముంత నిండ పూసలున్నయి. రెండు వేల ఏండ్ల కిందటియి. దారం ఎప్పుడో మట్టిల కలిసిపోయింది. వాటిని మీరే గుచ్చాలె," అన్నది.

రాజమణి నవ్వింది. "రెండు వేల ఏండ్లా! వేసుకునే ముసలామె ఇంక ఉన్నదా బిడ్డా?"

మ్యూజియంల ఒక గది ఇచ్చిండ్రు. పక్క గదిల ఒకాయన ముంత లోపలి మట్టిగడ్డను మెల్లమెల్లగ విప్పుకుంట, వచ్చిన పూసను వచ్చినట్టు గిన్నెల వేసి పంపుతున్నడు. ఎర్రరాతి పూసలు, శంఖం పూసలు, పచ్చటి గాజుపూసలు. వాటితోని పాటు రూపాయి బిళ్లంత ఎర్రమట్టి బిళ్ల ఒకటి వచ్చింది. దాని మీద పక్కకు తిరిగిన మగమనిషి మొకం, ఇంత పొడుగు ముక్కు. పైన దారం దూరేటందుకు తొర్ర.

"ఇది రోము రాజు మొకం అమ్మా," అన్నది తన్మయి. "ఆ కాలంల సముద్రం అవతల నుంచి వాళ్ల నాణేలు ఓడల మీద ఇటు దిక్కు వస్తుండె. మన కుమ్మరి ఎవరో ఆ నాణేన్ని చూసి మట్టితోని అచ్చు తీసిండు. మన ఆడోళ్లు మెడల వేసుకున్నరు."

"అంటే వన్ గ్రాం గోల్డ్ అన్నట్టు. లాడ్‌బజార్ల ఇయ్యాల్టికీ గదే నడుస్తున్నది కద!"

తన్మయి పకపక నవ్వింది. "అచ్చం గదే. నాణెం దొరికితే బేరం జరిగిందని తెలుస్తది. నకలు దొరికితే దాని మీద మనసు పడ్డరని తెలుస్తది."

రాజమణి బిళ్లను దీపం కిందికి తిప్పి చూసింది. "ముక్కు గింత పొడుగు పెట్టిండు. మన కుమ్మరికి ఆ రాజంటే భయం లేకుండె."

బొటనవేలికి దారం కట్టుకొని ఆమె పని మొదలుపెట్టింది. ఆ పూసలను చేతిల పట్టుకుంటే మనసు ఎట్లనో అయింది. ఎవరో ఒక ఆడిమనిషి ముంతల దాచిపెట్టుకొని మళ్లా తీసుకోలేకపోయింది. కరువొచ్చిందో, కాలమొచ్చిందో. ఇన్ని ఏండ్లు మెడ లేకుండ, దారం లేకుండ మట్టిల పడున్నయి. ఈ దండకు తల్లి ఏది? గిన్నెల ఉన్నయన్నీ విడి పూసలే. పాత దండ అనేందుకు దారం పోగు కూడ లేదు. కొత్తయి అనేందుకు మనసొప్పలె, తల్లి లేకుండ పండబెట్టేందుకు అసలే ఒప్పలె. తెల్లారి తీసేద్దామనుకొని, ఎంట తెచ్చుకున్న తన భరిణెల పూసను మొదట ఎక్కించింది. గదిల అప్పుడు ఎవరూ లేరు. ఎవరికన్న చెప్పాలె అని ఆమెకు తోచలె. ఊపిరి తీసుకుంటున్న అని ఎవరన్న చెప్తరా?

పొద్దుమూకినంక, "దండ ఇక్కడనే ఉండాలె, ఇంటికి ఇయ్యం," అన్నరు. మంచిదన్నది. తెల్లారి వచ్చి ముడి బిగిస్తనన్నది.

తెల్లారి జహనుమాల కొత్తగ ఈనిన బర్రె ఈశ్వరయ్యను తన్నింది. తొడ ఎముక విరిగింది. దవాఖాన, కట్టు, మంచం. రాజమణికి వారం పది రోజులు మొగని పక్క నుంచి లేచే తీరు లేకపోయింది. ఆమె వస్తదేమోనని చూసి, రాకపోయేసరికి, ముడి ఎట్లున్నదో అట్లనే దండను అద్దాల పెట్టెల పెట్టిండ్రు. పూసలు లెక్కపెట్టింది కూడ అప్పుడే.

ఈశ్వరయ్య లేచి కూసున్న రోజు రాజమణి ఆటోల మ్యూజియంకు పోయింది. గేటు కాడ పూలు, కార్లు. లోపల పెద్ద మీటింగు. ఆమెను చూడంగనే తన్మయి ఉరికొచ్చి చెయ్యి పట్టుకొని ముందు వరుసల కూసోబెట్టింది. వేదిక మీద పెద్దాఫీసరు వామన్‌రావు. ఎనుక గోడ మీద తెర. తెర నిండ తాంబాలమంత నీలపు కన్ను.

తన్మయి మైకు పట్టుకొని చెప్పింది: "మట్టి బిళ్ల నకలు. ఈ పూస నకలు కాదు. ఇట్లాంటి కన్నుపూసలు పడమటి సముద్రపు దేశాల పనితనం. అక్కడి వస్తువు మంజీర దాక వచ్చి, మన ఆడమనిషి దండల కలిసిపోయింది. ఆ కలయికకు ఈ ఒక్క పూసనే సాక్షి."

అందరూ చప్పట్లు కొట్టిండ్రు. వామన్‌రావు సారు రాజమణిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పిండు. ఆమె నోరు తెరిచింది. మాట రాలె. ఎదురుంగ అద్దాల పెట్టెల తన తల్లి పూస, దాని మీదనే ఒక దీపం. తన అవ్వ కన్ను తననే చూస్తున్నట్టు అనిపించింది.

ఇంటికొచ్చి శాలువా మంచం మీద పడేసింది. ఈశ్వరయ్య కట్టు కాలు చాపుకొని అంతా విన్నడు.

"నన్ను బర్రె తన్నింది, నిన్ను పూస తన్నింది," అన్నడు. మళ్లా నెమ్మదిగ, "ఊకో రాజమణీ. చెప్పితే ఏమంటరు? దొంగపూస కలిపింది అంటరు. బాలకిషన్ సేఠ్ చెవుల పడితే రేపటి సంది పొట్లం ఇప్పి లెక్కపెట్టుకుంటడు. ముప్పై ఏండ్ల నమ్మకం ఒక్క మాటకు పోతది."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏమున్నది, పూస పోతది. వర్షితకు ఇంకోటి కొందాం."

"తల్లిని కొంటవా?" అన్నది రాజమణి.

అసలు బాధ పూస పోతదని మాత్రం కాదు. తన చేతితోని ఒక అబద్ధం దారమెక్కింది. పిల్లలు బడి నుంచి వరుసగ వచ్చి ఆ అబద్ధాన్ని చూస్తరు. తన్మయి దాని మీదనే నిలబడ్డది. తాను నోరు తెరిస్తే ఆ పిల్ల పడిపోతది, తన చేతి పేరు పోతది. తెరవకపోతే ఇద్దరూ నిలబడుతరు, కాని దేని మీద? ఈ ఆలోచనతోని దసరా పోయింది, దీపావళి పోయింది. మాఘంల వర్షిత పెండ్లి ఖాయమైంది.

సంక్రాంతి పోయినంక ఒకనాడు తన్మయి మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చింది. మొకం వెలుగుతున్నది. ఒంగి రాజమణి కాళ్లు మొక్కింది.

"అమ్మా, మన దండ ఢిల్లీ పోయింది. అక్కడ పెద్ద ప్రదర్శన పెడుతున్నరు. వచ్చే నెల దేశదేశాల పండితుల ముందట ఆ పూస గురించి నేను మాట్లాడాలె. ఇదంత మీ చెయ్యి చలువ."

వర్షిత చాయ తెచ్చింది. ఈశ్వరయ్య మంచం మీది నుంచి గట్టిగ దగ్గిండు, పెండ్లాం దిక్కు చూసి కన్ను కొట్టిండు, "మేడమ్, మా బర్రె మంచి పాలిస్తది, చాయ తాగి చూడుండ్రి," అన్నడు. రాజమణి ఆయన దిక్కు చూడలె. మిఠాయి డబ్బా పక్కకు జరిపింది.

"బిడ్డా, ఆ నీలం పూస మా ఇంటిది."

తన్మయి నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. రాజమణి ఆచారం చెప్పింది, ఆ రాత్రి సంగతి చెప్పింది, బర్రె తన్నిన సంగతి, మీటింగుల నోరు పెగలని సంగతి, ఒక్కటి కూడ ఇడువకుండ చెప్పింది.

"మీరు ఏదన్న తప్పు యాది పెట్టుకున్నరేమో అమ్మా. అసొంటి పూసనే ముంతల కూడ ఉండొచ్చు కద," అన్నది తన్మయి.

"దాని తొర్ర లోపల పసుపుంటది బిడ్డా. కాన్పు కాన్పుకూ రాసిన పసుపు."

తన్మయి చేతిల చాయ కప్పు కింద పెట్టింది.

"పసుపు నేను చూసిన," అన్నది. "భూతద్దం కింద పెట్టినప్పుడే చూసిన. ఏదో మట్టి రంగు కావొచ్చని పక్కకు పెట్టిన. ఇంకోసారి చూడలె. చూస్తే ఏమైతదోనని చూడలె."

లేచి నిలబడ్డది. చాయ తాగలె. గేటు దాటేటప్పుడు బర్రెలు అడ్డమొస్తే చీర కుచ్చిళ్లు కూడ లేపుకోలె.

"చెప్పినవ్ కద, ఇంక పండు," అన్నడు ఈశ్వరయ్య. కోపంగనే అన్నడు కాని, ఆమె మీద తన కండువా తెచ్చి కప్పిండు.

నాల్గు రోజులకు మ్యూజియం నుంచి పిలుపొచ్చింది. వామన్‌రావు సారు కుర్చీ చూపెట్టిండు. మాట మెత్తగనే ఉన్నది కాని అందుల తీపి లేదు.

"ఇది చిన్న పొరపాటు కాదమ్మా. ముంతల ఒక్క బయటి పూస చేరిందని తెలిస్తే, మిగిలిన పూసలన్నిటి మీద అనుమానం వస్తది. వస్తువు పెద్దదా చిన్నదా అని మేము చూడం. ఎక్కడ దొరికింది, ఏ మట్టిల దొరికింది, దాని పక్కన ఏమున్నది, దాంట్లనే దాని విలువ. ఆవగింజంత పూస అయినా మట్టిల పండిన చోటు తెలిస్తే ఒక దేశం కథ చెప్తది. చోటు తప్పిందంటే ఉత్త అందమే."

"నేను చేసిన తప్పు నేనే దిద్దుత సార్. ఏం చెయ్యాల్నో చెప్పుండ్రి."

"దండ ఢిల్లీల ఉన్నది. మీరు పోవాలె. వాళ్ల ముందట మీరే ముడి విప్పి, మీ పూస ఏదో చూపెట్టి, ఎట్ల చేరిందో చెప్పాలె. వేరేటోళ్లు దారం కోస్తే పూసల వరుస చెదురుతది."

పక్కన కూసున్న తన్మయి అప్పుడు మొదటిసారి నోరు తెరిచింది. "నేను ఎంట వస్త. నేను చెప్పాల్సింది కూడ ఉన్నది."

మ్యూజియంల దండ పోయి ఖాళీగున్న పెట్టె పక్కన ఒక కాయిదం అంటించిండ్రు, కన్నుపూస తవ్వకంల దొరికింది కాదని, గుచ్చేటప్పుడు చేరిందని. ఆ కాయిదం సంగతి మ్యూజియం దాటి చార్‌కమాన్ దాక నడిచింది. ఒక పొద్దు బాలకిషన్ సేఠ్ స్వయంగ జహనుమా వచ్చిండు.

"రాజమణక్కా, పనోణ్ని పంపితే బాగుండదని నేనే వచ్చిన. నాకేం అనుమానం లేదు. గిరాకీలు అడుగుతున్నరు. కొన్నాళ్లు ఆ ముత్యాలు..." అని ఆగిండు.

రాజమణి లోపలికి పోయి, సగం గుచ్చిన దండను ముత్యం జారకుండ ముడి పెట్టి, పొట్లం కట్టి తెచ్చి ఇచ్చింది. "చూసుకో సేఠ్," అన్నది. సేఠ్ ఇప్పలె. కాని చేతిల ఒకసారి తూచినట్టు పట్టుకున్నడు. అది ఆమె చూసింది. ఆ పొద్దు ఆమె అన్నం తినలె.

"మస్తు చేసినవ్ రాజమణీ," అన్నడు ఈశ్వరయ్య. ఏ సంగతి గురించి అన్నడో చెప్పలె.

ఫిబ్రవరి ఏడున, శుక్రవారం, వర్షిత పెండ్లి జరిగింది. పెండ్లి పనులన్నిట్ల రాజమణి ముందటనే ఉన్నది. బతుకంతా పక్కోళ్ల మెడలు చూసిన చెయ్యి, మనుమరాలి మెడ చూసింది. భుజాలు రెండూ సమంగనే ఉన్నయి. నల్లపూసలు గుచ్చి పెట్టింది, మొదటి పూస జాగ ఖాళీ ఉంచి. దారం కొసను చిన్న పీట మేకుకు చుట్టి, పసుపు గుడ్డ కప్పి, దేవుని గూట్ల పెట్టింది.

"బాపమ్మా, పూస రాకపోతే?" అన్నది వర్షిత. "వాళ్లు ఇయ్యం అంటే?"

"ఇస్తరు. ఇయ్యకపోయినా, నీ మెడల అబద్ధం వెయ్యను బిడ్డా. ఖాళీ జాగనన్న వేస్త."

"ఖాళీ జాగకు పసుపు ఎట్ల రాస్తవే?" అన్నడు ఈశ్వరయ్య. పెండ్లిపిల్ల నవ్వింది, ముసల్ది కూడ నవ్వింది. మస్తు రోజులకు ఆ ఇంట్ల నవ్వు వినబడ్డది.

పెండ్లయినంక ఢిల్లీ పోయే రెయిలు బండిల తన్మయి కిటికి పక్కన కూసున్నది. నాగపూర్ దాటినంక అడిగింది.

"ఆ పూస మీ అవ్వకు ఎక్కడిది అమ్మా?"

"మా అవ్వ పుట్టిల్లు మంజీర దిక్కే. వాన పడ్డ తెల్లారి పాటిగడ్డ మీద పూసలు తేలితే పిల్లలు ఏరుకునేటోళ్లట. గట్ల దొరికిందని చెప్పేది."

తన్మయి గబుక్కున తిరిగింది. కండ్లల్ల వెలుగు. "ఏ ఊరు?"

రాజమణి యాది చేసుకున్నది. అవ్వ మొకం యాదికొచ్చింది, అవ్వ ముక్కుపుల్ల యాదికొచ్చింది, ఊరు పేరు రాలె. "తెల్వదు బిడ్డా. అవ్వ పట్నం వచ్చినంక మళ్లా అటు ఎవరూ పోలె. మా అమ్మకే తెల్వకుండె."

తన్మయి కండ్లల్ల వెలుగు మెల్లగ తగ్గింది. "అదే గడ్డది అయినా కావొచ్చు. ఇంకెక్కడిదో కూడ కావొచ్చు. ఓడ దిగి మంజీర దాక వచ్చినదే కావొచ్చు. ఊరు లేని పూస సాక్ష్యం చెప్పది అమ్మా. అయినా అది ఇన్ని మెడలు మారి వచ్చింది. దాన్ని ఎవరూ అబద్ధమనలేరు. అది చెప్పే నిజం మాకు రాసుకునేటందుకు రాదు, గంతే," అన్నది.

రాజమణికి ఆ మాట మొత్తం అర్థం కాలె. కాని అప్పటిదాక చల్లగ ఉన్న ఆ పిల్ల చెయ్యి తన చేతిల వెచ్చగైంది. టిఫిన్ డబ్బా ఇప్పి సకినాలు పెట్టింది. ఇద్దరూ తిన్నరు.

ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చింది. ఈశ్వరయ్య స్పీకర్ పెట్టిండు. మహేందర్, వర్షిత, పక్కింటోళ్లు, పాలకొచ్చినోళ్లు అందరూ చుట్టూ చేరిండ్రు.

"ముందు తన్మయే లేచి చెప్పింది," అన్నది రాజమణి. "పసుపు చూసి చూడనట్టున్న, తప్పు నాది కూడ అని చెప్పింది. గంత పెద్దోళ్ల ముందట. తర్వాత నన్ను పిలిచిండ్రు. బూట్లేసుకున్నోళ్ల నడుమ నేల మీద కూసోని కాలికి దారం చుట్టుకున్న. అందరు నా చేతినే చూసిండ్రు."

"చెయ్యి వణికిందా?" అన్నడు ఈశ్వరయ్య.

"వణకలె. ముడి నాదే కద. ఇప్పిన. పూస నా కొంగుల ఉన్నది. దాన్ని కూడ భూతద్దం కింద పెట్టి పరీక్ష చేసిండ్రు. పాతదే అన్నరు, మస్తు పాతది అన్నరు, మాకే ఇస్తవా అన్నరు. మనుమరాలి తొలి కాన్పు అయినంక మళ్లా మాట్లాడుదాం అన్న. ఒకాయన నవ్విండు."

"మరి ఆ దండ? తల్లి లేకుండ అయింది కద బాపమ్మా," అన్నది వర్షిత.

ఫోన్ల రాజమణి గొంతు వినబడ్డది.

"లేకుండ ఎట్లయితది? దాని తల్లి ముంతలనే ఉండె, నేనే చూడలె. ఆ పొడుగు ముక్కు బిళ్లను మొదట ఎక్కించిన. తన్మయిని అడిగే ఎక్కించిన, ఈసారి చెప్పకుండ ఏం చెయ్యలె. నకలైతే ఏమున్నది, ఆ గడ్డ మీద మన కుమ్మరి చేతిల పుట్టింది. తన్మయి ఇప్పుడు పండితులకు దాని గురించే చెప్తున్నది."

ఈశ్వరయ్య ఫోన్ పెట్టేసి, పాలకొచ్చినోళ్ల దిక్కు తిరిగి, "విన్నరా? ఢిల్లీల నేల మీద కూసున్నది, మా రాజమణి!" అన్నడు. ఆ సంగతి సాయంత్రానికి శాలిబండ చేరింది. బాలకిషన్ సేఠ్ దుకాణం దాక చేరిందో లేదో తెల్వదు. ముత్యాల పొట్లమైతే ఇంక రాలె.

వర్షిత పదహారు రోజుల పండుగ ఫిబ్రవరి ఇరవై రెండు, శనివారం. దేవుని గూట్ల పసుపు గుడ్డ కింద నల్లపూసలు మొదటి పూస కోసం ఆగి ఉన్నయి. రాజమణి ఎక్కిన బండి నాంపల్లి టేషన్ చేరేది రెండు వేల ఇరవై ఐదు ఫిబ్రవరి ఇరవై, గురువారం.